ఏడుగురం ఉన్నాం

చౌడేశ్వరి కడుపులోకి ఆరు చీమల్ని పంపాం. పని పూర్తయ్యాక ఇక రండి అంటే, "ఏడుగురం ఉన్నాం" అన్నాయి.

ఆ మాట ఆపరేషన్ థియేటర్లో బల్ల మీదున్న పెట్టెలోంచి వచ్చింది. గొంతు మాత్రం నాది. నేనేమో మాస్కు కట్టుకుని, ఓ మూల నిలబడి, రక్తం అద్దిన గుడ్డలు లెక్కపెట్టుకుంటున్నాను. మత్తు డాక్టరు పెట్టె వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"దీవెనమ్మా, నువ్వు గానీ మాట్లాడావా?" అన్నారు డాక్టర్ కుముదిని.

"నేను కాదమ్మా. గొంతు నాదే గానీ, నేను కాదు."

ఆమె పెట్టె వైపు తిరిగారు. "మళ్ళీ లెక్కపెట్టండి."

"ఒకళ్ళు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు," అంది పెట్టె. "ఏడో వాళ్ళు నడవలేరు. వాళ్ళు వచ్చేదాకా మేము రాం."

ఈ చీమల సంగతి ముందు చెప్పాలి. కడుపు కొయ్యకుండా బొడ్డు దగ్గర చిన్న కంత చేసి, గొట్టం కెమెరా దూర్చి, టీవీలో చూస్తూ ఆపరేషన్ చెయ్యడం చీరాలలో మా ఆసుపత్రికి కొత్త కాదు. కెమెరాకి ఒక కంత, పొడుగాటి పనిముట్లకి పక్కల్లో ఇంకో రెండు మూడు. బయట చెయ్యి కుడికి తిప్పితే లోపల కొస ఎడమకి పోతుంది. కుముదిని గారికి ఆ పద్ధతి మొదట్నించీ చిరాకు. "లోపలి పని లోపలే ఉండి చేసేవాళ్ళు కావాలి" అంటూ ఎనిమిదేళ్ళు మేడ మీద గదిలో తంటాలు పడి, బియ్యపుగింజంత యంత్రాల్ని తయారు చేశారు. ఒక్కోదానికి ఆరు కాళ్ళు, టీవీకి బొమ్మ పంపే ఒక కన్ను, ఒక కత్తెర, ఒక సూది. రోగి నడుముకి ఒక పట్టీ కడితే అందులోంచే వాటికి కరెంటు. లోపల ఒకదానికొకటి కనపడకపోయినా టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ పలకరించుకుంటాయి. "ఉన్నావా?" అని ఒకటి కొడితే, "ఉన్నా" అని తక్కినవి కొడతాయి. మనకి చెప్పాల్సింది ఉంటే పెట్టెలోంచి చెబుతాయి.

వాటికి ఎవరో ఒకరు మాటలూ, పద్ధతులూ నేర్పాలి కదా. ఆ పని డాక్టరమ్మ నాకు అప్పజెప్పారు.

నేను థియేటర్ ఆయాని. ముప్పై ఒక్క సంవత్సరాలుగా గుడ్డలు మడిచేదీ, ఆవిరిలో పెట్టేదీ, ఆపరేషన్లో లెక్కపెట్టేదీ నేనే. మందుల అట్టపెట్టెల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ముప్పై గుడ్డలు లోపలికి పోతే ముప్పై బయటికి రావాలి. అది తేలితే గానీ కుట్టు వెయ్యనివ్వను. ఒకసారి గుంటూరు నుంచి వచ్చిన పెద్ద సర్జన్ని నలభై నిమిషాలు నిలబెట్టాను. ముప్పయ్యో గుడ్డ ఆయన చెప్పు కింద అతుక్కుని ఉంది.

గుడ్డల్ని నేను మనుషుల్లా లెక్కపెడతాను. "ఇంకొకళ్ళు రావాలమ్మా. ఎవరో రాలేదు" అంటాను. నర్సులు నవ్వుతారు. నవ్వనీ. మా ఆయన బ్లేడు కొనుక్కొస్తానని గడియార స్తంభం దాకా వెళ్ళి ఇరవై ఏడేళ్ళయింది. ఈపాటికి గడ్డం బాగా పెరిగి ఉంటుంది. అప్పట్నించి ఎవరు గుమ్మం దాటినా నాకు మనసులో లెక్క నడుస్తూనే ఉంటుంది.

"నువ్వు థియేటర్లో ఎలా చెబుతావో వీటికీ అలాగే చెప్పు" అన్నారు డాక్టరమ్మ. ఆరు నెలలు, రోజూ మధ్యాహ్నం, గాజు పళ్ళెంలో ఆరు చీమల ముందు కూర్చుని చెప్పాను. "లోపలికి ఎంతమంది వెళ్ళారో అంతమందీ బయటికి రావాలి. ఉన్నా అని పలికేవాళ్ళు ఒక్కళ్ళు లోపల మిగిలినా, మిగతావాళ్ళు కదలకూడదు." చక్కగా నేర్చుకున్నాయి, అప్పుడు టిక్కులతోనే జవాబు చెప్పేవి. దాంతోపాటు నా గొంతూ, నా కంగారూ కూడా నేర్చుకున్నాయని ఆ రోజు చౌడేశ్వరి ఆపరేషన్‌లో గానీ తెలియలేదు.

ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్ళు. వేటపాలెం నుంచి వచ్చిన చేనేత వాళ్ళు. అండాశయం మీద నీటితిత్తి ఉందని చేర్చారు. చీమలు తిత్తిని శుభ్రంగా కోసి తీసేశాయి. ఆ తర్వాతే ఈ ఏడో వాళ్ళ గొడవ.

"ఆ ఏడో వాళ్ళని చూపించండి," అన్నారు డాక్టరమ్మ.

టీవీలో బొమ్మ కదిలింది. గర్భసంచి వెనక, పేగుల మీద కప్పిన కొవ్వు పొర అంచున, ఉసిరికాయంత ఎర్రటి తిత్తి అతుక్కుని ఉంది. దాని మధ్యలో ఏదో గబగబా మినుకుమంటోంది.

"చాలా చిన్నవాళ్ళు," అంది పెట్టె. "కాళ్ళు ఇంకా సరిగ్గా రాలేదు. కానీ పలుకుతున్నారు. ఒకసారి ఉన్నావా అంటే, ఉన్నా ఉన్నా ఉన్నా అంటున్నారు."

ఉండవలసిన సంచిలో ఉండకుండా కడుపులోనే ఎక్కడో పట్టుకుని పెరిగే గర్భం. పదివేల కాన్పుల్లో ఒకటి. ముప్పై ఒక్క సంవత్సరాల్లో నేను రెండోసారి చూడటం. మొదటిసారి చూసినామె ఇంటికి వెళ్ళలేదు.

"ముందు గర్భం పరీక్ష చేశాంగా? లేదని వచ్చిందిగా?" డాక్టరమ్మ కాగితాలు తిరగేశారు. లేదనే ఉంది. ఆమె ఊపిరి తీసుకుని, "సరే. తిత్తిని జాగ్రత్తగా విడదీసి తెచ్చేయండి," అన్నారు.

"మావాళ్ళని కొయ్యం," అంది పెట్టె.

"ఏమన్నావు?"

"కొయ్యం. లెక్క తప్పుతుంది."

"వీటికి ఎదురు చెప్పడం ఎవరు నేర్పారు?" అన్నారు డాక్టరమ్మ. అందరూ నా వంక చూశారు.

పాత పనిముట్లతో తీసేయవచ్చు. కానీ అక్కడ రక్తం కారడం లేదు. తొందర లేదు. పదహారేళ్ళుగా పిల్లల్లేని మనిషికి, ఆమె మత్తులో ఉండగా, అడగకుండా ఆ పని చెయ్యడానికి డాక్టరమ్మకి చేతులు రాలేదు. చీమల్ని లోపలే ఉంచి కంత కుట్టేశారు. లోపల మనుషుల్ని పెట్టుకుని కుట్టు వెయ్యనివ్వడం నా ఉద్యోగంలో అదే మొదలు. బయటికొచ్చి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాను.

వరండాలో చౌడేశ్వరి అత్తగారు బసవమ్మ, భర్త రామలింగం బల్ల మీద కూర్చుని ఉన్నారు. సంగతి చెప్పి, "పరీక్ష ఎలా తప్పిందో అర్థం కావట్లేదు. ఆ మూత్రం సీసా మీ కోడలు ఇచ్చిందే కదా?" అన్నారు డాక్టరమ్మ.

బసవమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "కాదమ్మా."

"మరి?"

"నాది."

"మీదా? మీకెన్నేళ్ళు?"

"అరవై ఏడు."

డాక్టరమ్మ అదే బల్ల మీద కూర్చున్నారు.

"నా మాట ఇనుకోండమ్మా," అంది బసవమ్మ. "ఆ సీసా ఇచ్చినప్పుడల్లా మీరు లేదంటారు. మీరు లేదన్నాక ఆ పిల్ల మూడ్రోజులు కంచం ముందుకి రాదు. పదహారేళ్ళ నుంచి ఇదే తంతు. ఈసారి ఆ లేదనేదేందో నాకు చెప్పించుకుందామని నాది నింపిచ్చా. నాకైతే లేదన్నా బాదుండదు గదా!"

"అమ్మా!" అన్నాడు రామలింగం.

"ఏందిరా అమ్మా? నాకు ఉందని వచ్చినప్పుడు అరుద్దువుగాని."

ఆ సాయంత్రం చౌడేశ్వరికి మెలకువ వచ్చాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని ఏదీ దాచకుండా చెప్పారు. "గర్భం ఉంది. ఉండాల్సిన చోట లేదు. మాయ పేగుల మీదా రక్తనాళాల మీదా వేళ్ళు దించింది. ఏ రోజైనా అది ఊడిపోవచ్చు. ఊడితే కడుపంతా రక్తం. నీకు మేము చెయ్యి వేసేలోపే అయిపోవచ్చు. రేపు తీసేస్తే నువ్వు క్షేమంగా ఇంటికి వెళతావు. నేనైతే తీసేద్దామంటాను."

"తీసేయండి," అన్నాడు రామలింగం వెంటనే. "మాకు మనిషి కావాలి. ఇంకేం వద్దు."

చౌడేశ్వరి అతన్ని చూడలేదు. బల్ల మీది పెట్టెను చూసింది. "ఇప్పుడేం చేస్తాంది?" అని అడిగింది.

"ఉన్నా అంటోంది," అంది పెట్టె.

"ఎన్నిసార్లు?"

"మేము అడిగినా అంటోంది. అడక్కపోయినా అంటోంది."

చౌడేశ్వరి పెట్టె వైపు చెయ్యి చాపింది. "పదహారేళ్ళు లేదు లేదు అనే ఇన్నాను," అంది. "ఉన్నా అనేది ఇయ్యాళే ఇంటన్నా. ఈ చీమలు ఆడ కాపలా ఉంటాయా డాక్టరమ్మా?"

"నాళం ఎక్కడైనా చిట్లితే కుట్టగలవు. ఎంతకాలం గెలుస్తాయో నాకు తెలియదు. ఎవరూ చెయ్యని పని ఇది."

"ఉంటాం," అంది పెట్టె, ఎవరూ అడక్కుండానే.

డాక్టరమ్మ షరతులు పెట్టారు. థియేటర్ ఎదుటి గదిలోనే ఉండాలి, ఇంటి మాట ఎత్తకూడదు. సరిపడే రక్తం ఎప్పుడూ పక్కనే సిద్ధంగా ఉండాలి. డాక్టరమ్మ చాలన్న రోజున చాలు, బతిమాలడం కుదరదు. చౌడేశ్వరి మూడింటికీ తలూపింది. రామలింగం లేచి వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అలా ఆ గదిలో ఆరు నెలల కాపురం మొదలైంది.

చౌడేశ్వరి తుమ్మితే చాలు, పెట్టె గోల చేసేది. "ఏమైంది? అందరూ ఉన్నారా? ఉన్నా. ఉన్నా. ఉన్నా. ఆ చిన్నవాళ్ళు ఉన్నారా? ఉన్నారు. దీవెనమ్మని పిలవండి!" నేను పరుగెత్తుకుంటూ వెళితే, నా గొంతే నన్ను "వచ్చావా? ఇంత ఆలస్యమా?" అని అడిగేది. నేను ఇంత సతాయిస్తానని నాకు అప్పటిదాకా తెలియదు. ముప్పై ఒక్క సంవత్సరాలు నన్ను భరించిన నర్సుల మీద జాలి వేసింది.

పక్క వార్డుల వాళ్ళు పని కల్పించుకుని వచ్చి పెట్టెతో మాట్లాడి పోయేవారు. రామలింగం మాత్రం రోజూ క్యారేజీ తెచ్చి, పెట్టెకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఒకరోజు ఎవరూ లేరనుకుని పెట్టె దగ్గరికి వంగి, "లోపల పాప, నాయన గొంతు ఇంటదా?" అని అడిగాడు.

"వినపడుతుంది," అంది పెట్టె. "నువ్వు వచ్చినప్పుడు కొట్టుకోవడం కొంచెం నెమ్మదిస్తుంది. కానీ నువ్వు ఆవిడని నవ్వించకూడదు. నవ్వితే ఇక్కడంతా ఊగుతుంది."

ఆ రోజు నుంచి రామలింగం పెట్టె వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. నవ్వించడమూ మానలేదు.

బసవమ్మకి చీమల పని టీవీలో చూడటం అలవాటైంది. ఏభై ఏళ్ళు మగ్గం దగ్గర బతికిన మనిషి, ఊరికే చూస్తుందా? "ఆ కుట్టేంది, గోనెసంచి కుట్టినట్టు?" అనేది. "నా గొంతుతో ఉన్నవాళ్ళని ఏమీ అనకు వదినా" అనేదాన్ని నేను. "నీకు గుడ్డలు లెక్కబెట్టడం తెలుసు, నేయడం తెలుసా?" అనేది ఆవిడ. ఇద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్ళం. రోజూ ఒకే క్యారేజీలో తినేవాళ్ళం.

గర్భానికి అయిదో నెల నడుస్తుండగా, ఒక ఉదయం టిఫిన్ల వేళ, చౌడేశ్వరి ఇడ్లీ తుంచబోయి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. పెట్టె ఒక్కసారిగా అరిచింది. "తెగింది! కుట్టు వేశాం, తెగింది! మళ్ళీ వేశాం, మళ్ళీ తెగింది!"

డాక్టరమ్మ వచ్చేసరికి టీవీ మొత్తం ఎర్రగా ఉంది. సన్నటి నాళం. చీమలు ముడి వేసినచోటల్లా ముడి పక్కనే చిట్లుతోంది. "థియేటర్ సిద్ధం చెయ్యండి. ఇక చాలు, తీసేద్దాం," అన్నారు డాక్టరమ్మ. చౌడేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. అది పట్టుకోవడం కాదు, వేళ్ళు విరుగుతాయేమో అనిపించింది.

"ముడెయ్యమాకండర్రా!" అని బసవమ్మ పెట్టె మీదికి వంగి అరిచింది. "సన్నపోగుకి ముడేస్తే ముడికాడే తెగుద్ది. మేం మగ్గం మీద కొత్త పోగుల్ని పాతవాటికి ముడేసి అతుకుతామా? కొసలు రెండూ పక్కపక్కన బెట్టి పురి తిప్పండి. తిప్పి, వచ్చిన తోకని ఎనక్కి వాల్చి ఒత్తండి. అంతే. బిగించమాకండి!"

డాక్టరమ్మ ఆమెను పక్కకి నెట్టబోయి ఆగారు. టీవీలో రెండు చీమలు తెగిన కొసల్ని పక్కపక్కన పట్టుకున్నాయి. మూడోది తిప్పింది. తోకను వెనక్కి వాల్చి నొక్కింది. ఎరుపు పలచబడింది. కొంతసేపటికి పేగులు కనపడ్డాయి.

"అందరూ ఉన్నారా?" అంది నా గొంతు. "ఉన్నా. ఉన్నా. ఉన్నా. ఉన్నా. ఉన్నా. ఉన్నా." ఆ తర్వాత గబగబా చిన్న టిక్కులు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని, బసవమ్మని పురి ఎటువైపు తిప్పాలో మళ్ళీ చెప్పమన్నారు. ఆవిడ తన జుట్టులోంచి రెండు వెంట్రుకలు పీకి చూపించింది. మర్నాటి నుంచి ఆసుపత్రిలో బసవమ్మ నడక మారింది. డాక్టర్ల గదిలోకి చెప్పకుండా వెళ్ళి టీ తాగేది.

ఎనిమిది నెలలు ఇంకా నిండకుండానే డాక్టరమ్మ రోజు ఖాయం చేశారు. ఇక ఆగితే లాభం కన్నా భయమే ఎక్కువ అన్నారు. ఇది చిన్న కంతతో అయ్యే పని కాదు, పొట్ట తెరవాల్సిందే. చౌడేశ్వరిని లోపలికి తీసుకెళుతుంటే రామలింగం తలుపు దాకా వచ్చి ఆగాడు. ఏదో చెప్పబోయాడు. "నవ్వించమాక," అంది ఆమె.

ఉదయం తొమ్మిదిన్నరకి పాప బయటికి వచ్చింది. కేజీ తొమ్మిది వందల గ్రాములు. రాగానే ఊరంతా వినపడేలా ఏడ్చింది. తుడవడానికి నర్సు పక్క బల్ల మీదికి తీసుకుంది.

"ఇప్పుడు చీమలు," అన్నారు డాక్టరమ్మ.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మాయ పేగుల్లోకి వేళ్ళు దించేసింది. లాగితే రక్తం ఆగదు కాబట్టి దాన్ని అక్కడే వదిలెయ్యాలి. కొన్ని నెలల్లో అదే ఎండి కరిగిపోతుంది. కానీ మాయ అంచున, పేగుకి రక్తం పోసే పెద్ద నాళం ఒకటి పలచబడి ఉంది. మూడో చీమ దాన్ని కాళ్ళతో చుట్టి పట్టుకుని కూర్చుంది. అక్కడ కుట్టు వేస్తే పేగు చచ్చిపోతుంది. చీమ వదిలితే చౌడేశ్వరి చచ్చిపోతుంది.

"అది అలాగే ఉండిపోతే ఫరవాలేదు. చుట్టూ కండ పెరుగుతుంది, హాని చెయ్యదు," అన్నారు డాక్టరమ్మ. "మిగతా అయిదూ రావాలి. పచ్చి గాయం మీద పట్టీ కట్టలేం, కరెంటు ఉండదు. కరెంటు లేక ఎక్కడపడితే అక్కడ ఆగిపోతే పేగుల్ని కోస్తాయి."

అయిదూ రాలేదు. మూడో చీమ చుట్టూ చేరి దాన్ని తీసుకుపోవాలని లాగుతున్నాయి. లాగినప్పుడల్లా నాళం అంచున ఎర్రగా ఊరుతోంది. మత్తు డాక్టరు రక్తపోటు అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు. అవి ప్రతిసారీ తగ్గుతున్నాయి.

"నేర్పిందంతా చెరిపేస్తే చెప్పినట్టు వింటాయి కదమ్మా?" అంది నర్సు.

"చెరపడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు ఆరూ పట్టు వదిలేస్తాయి." డాక్టరమ్మ తలెత్తకుండానే పిలిచారు. "దీవెనమ్మా. నువ్వు చెప్పు."

పెట్టె దగ్గరికి వెళ్ళాను. "బయటికి రండర్రా."

"మూడో వాళ్ళు రాలేదు," అంది నా గొంతు.

"మూడో వాళ్ళు రారు."

"అయితే మేమూ రాం. ఒక్కళ్ళు మిగిలినా కదలకూడదని నువ్వే చెప్పావు."

వెనకాలే వస్తారులే, మీరు పదండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆయన విషయంలో అందరూ నాకు చెప్పింది అదే. వెనకాలే వస్తాడులే. ఇరవై ఏడేళ్ళు నన్ను గుమ్మంలో కూర్చోబెట్టిన మాట. దాన్ని మింగేశాను.

"నేను చెప్పింది గుడ్డల లెక్క," అన్నాను. "మీరు గుడ్డలు కాదు. ఆ ఏడుపు వినపడుతోందా?"

"వినపడుతోంది. ఏడో వాళ్ళు."

"మిమ్మల్ని ఆరుగురినీ లోపలే వదిలేసి బయటికి వచ్చింది. ఒక్కళ్ళ కోసం కూడా ఆగలేదు. దాని మీద కోపం వచ్చిందా మీకు?"

మత్తు డాక్టరు ఇంకో అంకె చదివాడు.

"రాలేదు," అంది పెట్టె. "అది రావాలి."

"ఎందుకు?"

"ఇక్కడ ఇంక చోటు లేదు."

"మీకూ లేదు. మీరు అక్కడుంటే ఆ తల్లి ఉండదు."

"మేము వచ్చేస్తే మూడో వాళ్ళు ఒంటరివాళ్ళు అయిపోరా?"

"ఒంటరి ఎందుకవుతారే? చుట్టూ చౌడేశ్వరి ఉందిగా!"

అంత ప్రాణాపాయంలోనూ డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వినట్టు ఉంది. టీవీలో అయిదు చీమలూ లాగడం ఆపాయి. ఒక్కొక్కటే మూడో దాని దగ్గరికి వెళ్ళి, టిక్కుమని కొట్టి, జవాబు విని, వెనక్కి తిరిగింది. గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఒకళ్ళు. ఇద్దరు. ముగ్గురు. నలుగురు. అయిదో వాళ్ళు గాయం అంచున ఆగి మళ్ళీ లోపలికి చూశారు. నేను తొందరపెట్టలేదు. అయిదుగురు.

నాళం దగ్గర ఎరుపు నిలిచిపోయింది. అంకెలు పైకి రావడం మొదలయ్యాయి. డాక్టరమ్మ కుట్టు మొదలుపెట్టడానికి నా వంక చూశారు. అది నేను ఒప్పుకోవాల్సిన లెక్క. కాగితం మీద లోపలికి ఆరు, బయటికి అయిదు అని రాశాను. తేడాకి కారణం అని గడి ఉంటుంది. ముప్పై ఒక్క సంవత్సరాల్లో దాన్ని ఎప్పుడూ వాడలేదు. "ఒకరు డ్యూటీలో ఉన్నారు" అని రాసి సంతకం పెట్టాను.

పదో రోజు డిశ్చార్జ్ చేశారు. కదలకుండా ఉంది కాబట్టి మూడో చీమలో మిగిలిన కరెంటు ఇంకో రెండు రోజులు వస్తుందని, ఆ తర్వాత పట్టు వదలదు గానీ పలకదని డాక్టరమ్మ ముందే చెప్పారు. పెట్టె నా చేతిలో ఉంది. మిగతా అయిదూ మేడ మీద గాజు పళ్ళెంలో నుంచి నిమిషానికోసారి "ఉన్నావా?" అంటున్నాయి. చౌడేశ్వరి కుట్ల వెనక నుంచి "ఉన్నా" అని వస్తోంది.

రోగులు ఇళ్ళకి వెళ్ళేటప్పుడు నేను గేటు దాకా వెళ్ళను. ఏదో పని పెట్టుకుని లోపలే ఉండిపోతాను. ఆ రోజు వెళ్ళాను. పెట్టె తీసుకురమ్మని గొడవ చేసింది మరి.

ఆటోలో రామలింగం పాపని పట్టుకున్న తీరు చూస్తే గాజు సామాను మోస్తున్నట్టుంది. "పట్టుకోవడం కాదురా, ఎత్తుకో," అంది బసవమ్మ. నా వైపు తిరిగి, "నీ గొంతుని నా కోడలి కడుపులో ఏసుకుపోతన్నాం వదినా," అంది.

"రెండు రోజులేలే. తర్వాత నోరు మూస్తుంది."

"పర్లేదులే, తర్వాత నేనున్నాగా!"

చౌడేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. ఈసారి వేళ్ళు నొప్పి పెట్టలేదు.

ఆటో కదిలింది. "ఉన్నావా?" అంది పెట్టె. "ఉన్నా." ఆటో గోడ దాటింది. "ఉన్నావా?" "ఉన్నా," కొంచెం సన్నగా. ఆటో మలుపు తిరిగింది.

"ఉన్నావా?"

రోడ్డు మీద అరటిపళ్ళ బండివాడి కేక తప్ప ఏమీ లేదు.

"దీవెనమ్మా, మూడో వాళ్ళు పలకడం లేదు," అంది నా గొంతు. "పోయారా?"

"పోలేదు. ఆటో ఎక్కారు."

"ఆటో అంటే ఏంటి?"

నిజమే, వాటికి ఎవరు చెప్పారు? పుట్టినప్పటి నుంచి మేడ మీద గదీ, చౌడేశ్వరి కడుపూ తప్ప ఏం చూశాయని? "మూడు చక్రాలుంటాయి," అని మొదలుపెట్టి, పెట్టెని చంకలో పెట్టుకుని, ముందు చక్రం గురించి చెప్పుకుంటూ లోపలికి నడిచాను.